విశ్రాంతమ్మ పరుగు

ఆ ఏడు ఖమ్మం యార్డులో మిర్చి ధర ఎక్కుతుంటే మా ఇంట్లో నా ధర దిగిపోయింది. డిసెంబర్ రెండో ఆదివారం, సాయంత్రం ఏడింటికి దిగింది. టైముతో సహా చెప్పగలను, ఎందుకంటే అప్పుడు మైకు నా చేతిలోనే ఉంది.

మైకు పడితే నాకు మైకం. యార్డులో ఒక ఖరీదుదారు దగ్గర గుమాస్తాను నేను. పొద్దున్నే జెండా పాటలో మా సేటు తరఫున కేక వేసేది నేనే. ఆ రోజు వచ్చిన మిర్చిలో మేలైన లాటును ముందు పెట్టి, వేలం పాడి, పై ధర తేలుస్తారు. అదే జెండా ధర. ఆ కేకలు వేసి వేసి నా గొంతు గోనెబస్తా అంత మొరటుబారింది. అందుకని మా చర్చిలో పెళ్ళయినా, పేరు పెట్టడమైనా, సెమీ క్రిస్మస్ అయినా, మైకు జాషువాకే ఇస్తారు.

ఆ సాయంత్రం సెమీ క్రిస్మస్, పండక్కి ముందు జరిపే కూడిక. కేకు కోశాక సాక్ష్యాల వంతు వచ్చింది. ఆ ఏడాది తమకు జరిగింది ఒక్కొక్కరు లేచి నలుగురిలో చెప్పుకోవడం మా ఆనవాయితీ. మా ఆవిడ విశ్రాంతమ్మ లేచింది. చండ్రుగొండ వైపు ఆరోగ్య సబ్ సెంటర్లో ఇరవై ఏళ్ళుగా ఏఎన్ఎం, కాన్పులూ టీకాలూ చూసే నర్సు. పేరులో తప్ప బతుకులో ఎక్కడా విశ్రాంతి లేని మనిషి. సభలో అంతకు ముందెప్పుడూ లేవని మనిషి కూడా.

"జులైల వాన పడుతుంటె," అంది, "వాగు అవతలి గూడెం కెల్లి దూలయ్య అనెటాయన సెంటర్‌కి వచ్చిండు. భార్యకు నొప్పులు మొదలైనయన్నడు. బండ్లు పోయే తొవ్వ కాదు. నేను సంచి వేసుకుని ఉరికిన. వాగు దాక ఉరికిన. వాగు ఒడ్డున కూసున్న..."

అక్కడ ఆగింది. మాట కూడదీసుకోవడానికి ఆగిందని నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అదొక ఖాళీ జాగాలా కనిపించింది. ఖాళీ జాగా కనిపిస్తే మైకున్నవాడు కబ్జా చెయ్యకుండా ఉండలేడు.

"మా ఆమె కూసున్నదంటె సముద్రం చీల్చిన మోషే కర్రతోని పనే లేదు," అన్నాను మైకులో. "వాగు దానంతటదే పక్కకు జరిగి తొవ్వ ఇస్తది."

చర్చి మొత్తం నవ్వింది. పెద్దలు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. కొంచెం దిట్టమైన ఒళ్ళు ఆమెది, దాని మీద నేను జోకు వేయడం వాళ్ళకు కొత్త కాదు. విశ్రాంతమ్మ నోరు సగం తెరిచి అలాగే నిలబడింది. నా వైపు చూసింది. కూర్చుంది.

"ఇంక చెప్పమ్మా," అన్నారు పాస్టర్ గారు.

తల అడ్డంగా ఊపింది. బండి మీద ఖానాపురం హవేలిలో మా ఇంటి వరకు నా వీపుకీ ఆమెకీ మధ్య హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చుంది. మర్నాటి నుంచి నాతో మాట బంద్. పూట కూడు బంద్ చేయలేదు, అదొక్కటే దయ.

*

"ఏంజెల్, గ్యాస్ బుక్ చేసిండేమో మీ డాడీని అడుగు."

నేను స్టవ్‌కి మూడడుగుల దూరంలో ఉన్నాను.

"చేసిన అని మీ అమ్మకు చెప్పు."

"నేను మీ ఇద్దరికి సెల్ టవర్‌ని కాదు," అంది మా అమ్మాయి, కోచింగ్ పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "నాకు శనివారం టెస్ట్ ఉంది."

మూడు రోజుల్లో చల్లబడుతుందనుకున్నాను. మూడు వారాలైంది. క్రిస్మస్ పోయింది, కొత్త సంవత్సరం వచ్చింది. వచ్చిన కొత్త సంవత్సరం కూడా నాతో మాట్లాడలేదు. నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంటి పెళ్ళాం మీద ఒక చిన్న జోకు వేసుకునే హక్కు కూడా లేకపోతే ఇక నోరెందుకు, ముద్ద మింగడానికా అనుకున్నాను. ఆమె వినేలా ఏంజెల్‌తో అన్నాను కూడా.

జనవరి మొదట్లో ఒక రోజు గూట్లో బూట్లు కనిపించాయి. బూట్లలో ఒక గుట్టు. అడుగున గీతలు అరిగిపోయాయి, అంచుల్లో అడవి తొవ్వల ఎర్రమన్ను గడ్డకట్టింది.

"ఇవి ఎవరివే?"

"మమ్మీవి. మారథాన్ ఉరుకుతుంది కద. ఫిబ్రవరిల, చండ్రుగొండల. నలభై రెండు కిలోమీటర్లు," అంది ఏంజెల్. "అక్టోబర్ కెల్లి ప్రాక్టీస్ చేస్తుంది. నువ్వు చూడలేదా?"

నేను చూడలేదు. పొద్దున్నే నాలుగున్నర బస్సుకు పోతుంటే డ్యూటీ పెరిగిందనుకున్నాను.

"నలభై ఆరేండ్లకా?" అన్నాను. "ఊరుకొమ్మంటే ఉరుకుతుందా?"

మంచి మాట పడిందని నాకే అనిపించింది. ఏంజెల్ నవ్వలేదు. వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

"ఏంజెల్, మీ డాడీకి చెప్పు. గీ పరుగు పూర్తి చేసిన మర్నాడు చండ్రుగొండ క్వార్టర్ తాళం తీసుకుంటున్న. అడిగిన, ఇస్తమన్నరు. దినాం బస్సుల పడి వచ్చి, మల్ల ఇంట్ల గీ నోరు వినే ఓపిక నాకు లేదు."

"క్వార్టర్‌కి పరుగుకి ఏం సంబంధమో అడుగు మీ అమ్మని," అన్నాను.

"అంత దూరం ఒక్కదాన్నే ఉరకగలిగితే, ఒక్కదాన్నే ఉండగలుగుత. అందుకు."

"పూర్తి చేయకపోతే?"

ఏంజెల్ మా ఇద్దరి వైపు చూసి పుస్తకం మూసేసింది.

"చేస్త," అంది విశ్రాంతమ్మ. నాతో కాదు. స్టవ్‌తో.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ క్షణం నుంచి ఆమె పరుగు ఆగిపోవాలని కోరుకోవడం మొదలుపెట్టాను.

*

జనవరి నడుమ ఒక రోజు యార్డుకి సెలవు పెట్టి, ఆమె వెనక బస్సులో చండ్రుగొండ వెళ్ళాను. వెలుతురు అప్పుడే పడుతోంది. టేకు ప్లాంటేషన్ పక్క తారు రోడ్డు మీద ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. ఒకరు మా ఆవిడ, పంజాబీ డ్రెస్సు, చున్నీ నడుముకు బిగించి. రెండోవారు సన్నగా, పొడుగ్గా ఖాకీ ప్యాంటులో ఉన్నారు. ఫారెస్టు బీట్ ఆఫీసర్ రూప్లి అని తర్వాత తెలిసింది. ఎదురుగా వస్తున్న ఎద్దుబండి కూడా వాళ్ళకంటే కొంచెం జోరుగానే ఉంది.

పైగా మా ఆవిడ మాట్లాడుతోంది. నాతో అయిదు వారాలుగా మాట్లాడని మనిషి అక్కడ రోడ్డుకి వినిపించేలా ఏదో వల్లిస్తోంది.

"పుట్టంగనే బీసీజీ, పోలియో జీరో డోసు, హెపటైటిస్ బి. ఆరు వారాలకు పెంటా ఒకటి, రోటా ఒకటి. పది వారాలకు పెంటా రెండు. పద్నాలుగు వారాలకు పెంటా మూడు. తొమ్మిది నెలలకు ఎంఆర్..."

"ఇది పరుగా, పెళ్ళి ఊరేగింపా?" అన్నాను రోడ్డు మధ్యలో నిలబడి. "ఇట్ల ఉరికితె ఫిబ్రవరిల మొదలువెట్టినోళ్ళు మృగశిరకు చేరుతరు."

విశ్రాంతమ్మ నా పక్క నుంచి, కరెంటు స్తంభం పక్క నుంచి పోయినట్టు పోయింది. "పదహారు నెలలకు డీపీటీ బూస్టర్," అంటూనే పోయింది. రూప్లి మాత్రం ఆగింది.

"మీరు జాషువా సార్ కద. యార్డుల కేక పెడ్తరు."

"నా కేక మీ దాక వచ్చిందా?"

"మా నాయన మిర్చి తెస్తడు మీ కాడికి. నేను చిన్నప్పుడు తోడొచ్చెదాన్ని. పొద్దుగాల మీరు పాడిన జెండా ధర విని మా నాయన మురిసెటోడు. మాపటికి మా బస్తాల కాడికొచ్చేసరికి ధర ఏమైతుండె, సార్?"

పొద్దున అంతెత్తున ఎగిరిన ధర సాయంత్రానికి ఎంత పడిపోతుందో యార్డు మొత్తానికి తెలుసు.

"ముందుగాల్నే ఎగబడి ఉరికెటోళ్ళ కత గూడ గంతే," అంది. "మొదటి గంట ఎవలు దాటిపోయినా పోనియ్యాలె. మాట తెగకుంట మాట్లాడగలిగినంత మెల్లగ పోవాలె. అక్క ఆ సూదుల లిస్టు పుట్టుక కాడి నుంచి పదహారేండ్ల దాక రొప్పకుంట చెప్తె, వేగం సరిపోయినట్టు. నడుమ తెగితె, ఎక్కువైనట్టు. ముప్పయ్యో కిలోమీటర్ కాడ కాళ్ళు అడుగుతయి, పొద్దుగాల ఏం చేసినవని. అప్పుడు చెప్పెతందుకు జవాబుండాలె."

"నాకెందుకు చెప్తున్నవమ్మా ఇదంత?"

"మీకు కాదు సార్. మీరు తొవ్వకు అడ్డమున్నరు, జరగమని చెప్పెతందుకు ఆగిన."

బీట్ ఆఫీసరమ్మ కర్ర ఎత్తకుండానే నన్ను బీట్ చేసి వెళ్ళిపోయింది. నేను జరిగాను. కానీ బస్సులో తిరిగి వస్తుంటే ఒక ముక్క బుర్రలో మెదిలింది. మెల్లగా మొదలుపెడితే ఆమె పూర్తి చేస్తుంది. జోరుగా మొదలుపెడితే చేయలేదు. విశ్రాంతమ్మను జోరుగా కదిలించేది ప్రపంచంలో ఒకటే ఉంది. కోపం. కోపమొస్తే మా ఇంటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంది. ఆ కోపం తాళం చెవి పాతికేళ్ళుగా నా నాలుక మీదే ఉంది.

*

అహ్మద్ పాషాకి ఖమ్మంలో మైక్‌సెట్ దుకాణం ఉంది. మారథాన్‌కి సౌండ్ బాక్సులు అతనివే. నేను అడగకముందే అతనే అడిగాడు, మాట్లాడే మనిషి కావాలని.

"వాళ్ళు పరుగు తీస్తరు, నేను పరువు తీస్త," అన్నాను. "నాకంటె ఎవడు దొరుకుతడు నీకు?"

పాషా నవ్వాడు కానీ వేలు ఊపాడు. "జాషువా భాయ్, ఇది బారాత్ కాదు, గంటల ఖతం కావడానికి. పొద్దుగాల అయిదున్నర కెల్లి పగలు పన్నెండున్నర దాక. ఏడు గంటలు. గొంతు జర దాచుకో. ఆఖరి మనిషి వచ్చేదాక పేరు పిలవాలె, గది మన డ్యూటీ."

"నా గొంతు యార్డు గొంతు పాషా భాయ్. అరిగేది కాదు."

"భాభీ గూడ ఉరుకుతుందట కద?"

"అవ్," అన్నాను. "అందుకే వస్తున్న."

అతను దాన్ని ప్రేమ అనుకున్నాడు. భుజం తట్టాడు.

*

ఫిబ్రవరి మొదటి ఆదివారం. తెల్లారకముందే చండ్రుగొండ స్కూలు గ్రౌండ్ ముందు రెండు వందల మందికి పైగా చేరారు. ఖమ్మం బ్యాంకుల వాళ్ళు, కోచింగ్ కాలేజీ లెక్చరర్లు, కొత్తగూడెం గని కార్మికులు. అడవి రోడ్డు మీద ఇరవై ఒకటి పోవాలి, ఇరవై ఒకటి రావాలి. మొదలూ చివరా నా మైకు ముందే.

నేను అయిదింటికే అందుకున్నాను. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో బాణం. పొట్ట ఉన్నవాడి పొట్ట మీద, బట్టతల ఉన్నవాడి బట్టతల మీద. జనం నవ్వుతుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. ముందు వరస కోసం తోసుకుంటున్నారు. ముందు నిలబడటమే గెలవడం అనుకునే మనుషులు మా జిల్లాలో పెళ్ళి భోజనాల దగ్గరే కాదు, ఇక్కడా ఉన్నారు.

విశ్రాంతమ్మ ఎక్కడుందో వెతికాను. అందరికంటే వెనక, గేటు అవతల, రూప్లితో పాటు అటూ ఇటూ నడుస్తోంది. చలికి పాత స్వెట్టర్ వేసుకుంది. లేసులు విప్పి మళ్ళీ కట్టింది, రెండు ముడులు వేసింది. రెండు గుక్కలు నీళ్ళు తాగింది. ఇంకో రెండు నిమిషాలు ఉందనగా స్వెట్టర్ విప్పి పాషా చేతికిచ్చింది. రొమ్ము మీద కాగితం, నంబరు రెండు వందల పదకొండు.

జెండా పాట పాడినట్టే లెక్క పాడాను. పది, తొమ్మిది, ఎనిమిది. నా కేకకు ముందు వరస గుర్రాల్లా గిట్టలు రాసింది. సున్నా అనగానే దుమ్ము లేచింది. బ్యాంకులు, కాలేజీలు, గనులు, అన్నీ ఒకదాన్నొకటి దాటుకుంటూ చీకట్లోకి పడ్డాయి.

ఆఖరున ఆమె వచ్చింది. గీత దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, అక్కడ చిన్నగా పరుగు అందుకుంది. నాకు నాలుగడుగుల దూరం. మైకు పైకెత్తాను. వారం రోజులుగా నూరి పెట్టుకున్న మాట అది.

"రెండు వందల పదకొండు, మా ఇంటామె. జర చూస్కో, తొవ్వల వాగులు లేవు. కూసోవాలంటె జాగా దొరకదు."

బాక్సులు ఊరంతా వినిపించాయి. వలంటీర్లు పకపకా నవ్వారు. రూప్లి తల తిప్పి నా వైపు చూసిన చూపును అటవీ శాఖ వాళ్ళు దుంగల దొంగల కోసం దాచుకుంటారు.

విశ్రాంతమ్మ మడమలు లేచాయి. మూడు అడుగులు, నాలుగు అడుగులు, విల్లులోంచి వదిలిన బాణంలా పోయింది. నా గుండెలో ఏదో పండగ చేసుకుంది. అయిదో అడుగు దగ్గర ఆమె చేయి పొట్ట మీదికి వెళ్ళింది. అడుగు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ముందు నడిచినంత మెల్లగా అయింది. గొంతు విప్పింది.

"పుట్టంగనే," అంది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "పుట్టంగనే బీసీజీ, పోలియో జీరో డోసు..."

గొంతు వినిపించనంత దూరం పోయేదాకా ఆ లిస్టు తెగలేదు.

*

ఆమె కనుమరుగయ్యాక నాకు కసి పెరిగింది. దాన్నంతా మైకు మీద తీర్చుకున్నాను. ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక్క నిమిషం ఆపలేదు. తొమ్మిదిన్నరకు నా కేక విని ముందు వరసలోంచి దూకినవాళ్ళు ఒక్కొక్కరే షేర్ ఆటోల్లో తిరిగి రావడం మొదలైంది. ఒక లెక్చరర్ పిక్క పట్టుకుని సౌండ్ బాక్సు మీద కూర్చుని, "మీరు అట్ల అరిస్తే ఆగలేకపోయిన సార్," అన్నాడు. అతని మీద కూడా జోకు వేశాను. జోకు సగంలో గొంతు జారింది. కీచుమంది. పాషా వేడి నీళ్ళిచ్చాడు.

పదికి బొంగురు. పదకొండుకి గుసగుస. పదకొండున్నరకు గాలి. నోరు కదులుతోంది, బాక్సుల్లోంచి మాత్రం గోనెసంచి ఈడ్చిన చప్పుడు వస్తోంది. పాషా మైకు తీసుకోబోయాడు, నేనివ్వలేదు. ఆఖరి మనిషి పేరు పిలవాలి కదా, డ్యూటీ.

పన్నెండు దాటి పది నిమిషాలకు రోడ్డు మలుపులో ఇద్దరు కనిపించారు. అదే వేగం. పొద్దున ఎలా పోయిందో అలాగే వస్తోంది. ముఖం ఉప్పు పేరి తెల్లబడింది, ఎడమ కాలు కొంచెం ఈడుస్తోంది. గీత దాటింది. నేను మైకు పైకెత్తి పేరు పిలిచాను.

ఏమీ రాలేదు. విశ్రాంతమ్మ అనే నాలుగక్షరాల్లో ఒక్కటీ రాలేదు.

పాషా చప్పట్లు కొట్టాడు. రూప్లి ఆమె భుజానికి తువ్వాలు కప్పింది. విశ్రాంతమ్మ నీళ్ళు తాగి, నా దగ్గరికి వచ్చి, బాక్సు మీద కూర్చుంది.

"పాషా అన్నా, మైకు బంజెయ్యి," అంది.

పాషా స్విచ్ నొక్కి, వైర్లు చుట్టుకునే మిషతో పక్కకు పోయాడు.

"వాగు ఒడ్డున కూసున్న," అంది. నాతోనే అంది, యాభై ఆరు రోజుల తర్వాత. ఆయాసం లేదు, ఒక్కొక్క మాట విడిగా వచ్చింది. "ఎందుకు కూసున్ననంటె, సెంటర్ కాడి నుంచే పానం పెట్టి ఉరికిన. దూలయ్యనే దాటి ఉరికిన. వాగు కాడికి పోయేసరికి ఊపిరి ఆడలే, కండ్లు తిరిగినయ్. అర్ధగంట కూసున్న. దూలయ్య నా సంచి పట్టుకుని వానల నిలబడ్డడు. ఒక్క మాట అనలే. అవతలికి పోయేసరికి తల్లి బాగనే ఉంది. ఆడపిల్ల. ఏడ్వలే. పది నిమిషాల ముందటి దాక చేయి కదిలిచ్చిందని చెప్పిన్రు."

నేను నోరు తెరిచాను.

"పుట్టంగనే వేసే సూది డబ్బలనే ఉండె. ఐసు గూడ కరగలే. అట్లనే వాపసు తెచ్చిన."

తువ్వాలుతో మెడ తుడుచుకుంది.

"మెల్లగ మొదలువెడితె ఆగకుంట పోతుంటినేమో. ఏమో, ఎవరికి తెలుసు. గది చర్చిల చెప్పుదామనుకున్న. నలుగుట్ల చెప్తె జర దిగుతదని. నువ్వు కూసున్న అన్నంత వరకు చెప్పనిచ్చినవ్."

నవ్విన చర్చి మొత్తం నా కళ్ళ ముందు కనిపించింది. అందరికంటే ముందు నవ్విన నోరు నాదే.

"ఏమన్న అనేదుందా?" అంది.

ఆమె నిజంగానే ఆగింది. నేను గొంతు సవరించుకున్నాను, గాలి వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాను. ఇంకా ఆగింది. డిసెంబర్లో నేను ఆగనంతసేపు ఆగింది. తర్వాత లేచి, పాషా దగ్గర స్వెట్టర్ తీసుకుంది.

"తాళం రేపిస్తరు. ఇయ్యాల పోయి బట్టలు సర్దుకోవాలె. ఒంటిగంటకు బస్సుంది."

రూప్లితో పాటు బస్టాండు వైపు కదిలింది. నేను మైకు బాక్సు మీద పెట్టాను. నేల మీద ఉన్న ఆమె సంచి భుజానికేసుకుని, ఎవరూ పిలవకుండానే వాళ్ళ వెనక పడ్డాను. నలభై రెండు కిలోమీటర్లు ఉరికిన మనిషి నడకను అందుకోవడం నా వల్ల కాలేదు. నాలుగు అంగలు పెద్దవి వేశాను, అయిదో అంగకు రొప్పు వచ్చింది. నా రొప్పు ఆమెకు వినిపించింది.

"మెల్లగ మొదలువెట్టు," అంది, వెనక్కి చూడకుండా.